చేతికొచ్చిన కప్ప

"కప్పల తక్కెడ" అని మనందరం అంటూనే ఉంటాం. ఆ మాట వెనకున్న తిప్పలు మాత్రం మా అమ్మాయి పదో పుట్టినరోజుకి ఇంటికి కప్పని తెచ్చాకే నాకు తెలిసొచ్చాయి.

మేముండేది ఐర్లండ్ పడమటి వైపున, మేయో కౌంటీలోని కాజిల్‌బార్‌లో. వానకి కొదవలేని ఊరు. ఒకరోజు నడకలో గడ్డిలో కప్ప కనబడితే "ఇంటికి తీసుకెళ్దాం నాన్నా" అంది. కుదరదన్నాను. 1976 నాటి వన్యప్రాణి చట్టం ఇక్కడి కప్పలకి రక్షణ ఇచ్చింది. అనుమతి లేకుండా పట్టకూడదు. అందుకని పెంపకంలోనే పుట్టిన ఆస్ట్రేలియా చెట్టు కప్పని కొన్నాం. పచ్చగా, బొద్దుగా ఉందని "బుడుగు" అని పేరు పెట్టుకుంది.

ఎమ్‌సీఏ చదివి, ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లకి మాట వినడం నేర్పుతున్నవాణ్ణి, గుప్పెడు కప్ప ఒక లెక్కా అనుకున్నాను. మూడో రోజే గాజు తొట్టెలో చెయ్యి పెట్టి పట్టేశాను. చలికి రాసుకున్న క్రీము ఇంకా చేతులకే ఉంది. బుడుగు గింజుకుంది, చేతిలోనే ఉచ్చ పోసింది, ఎగిరి నేలమీద పడింది. రెండు రోజులు తిండి ముట్టలేదు. అమ్మాయి నాతో మాట్లాడలేదు.

కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుందనీ, నీళ్లు తాగేదీ చర్మంతోనేననీ, చేతికున్న క్రీమూ సబ్బూ చెమటా దానికి హాని చేస్తాయనీ ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందు చదవాల్సింది!

ఆ వేసవికి కరీంనగర్ నుంచి అమ్మ వచ్చింది. సంగతి విని నవ్వింది. "కొత్త కోడల్ని వచ్చిన్నాడే పొయ్యికాడికి తోలుతమారా? దానికి నీ చెయ్యి కొత్త. అలవాటు కానియ్యి."

నానమ్మా మనవరాలూ కలిసి పని మొదలుపెట్టారు. మొదట కొన్ని వారాలు ముట్టుకోలేదు. రోజూ సాయంత్రం తొట్టె పక్కన కూర్చుని మాట్లాడుకునేవారు, అంతే. తర్వాత పట్టకారుతో కీచురాళ్లు అందించారు. ఆపైన అమ్మాయి చేతులు బాగా కడిగి, సబ్బు వాసన కూడా లేకుండా తొలిచి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లతో తడుపుకుని, అరచెయ్యి తొట్టెలో పరిచి ఊరుకునేది. పట్టుకోవడం లేదు. ఎక్కితే ఎక్కుతుంది, లేకపోతే లేదు. ఎక్కినా నేలకి దగ్గరగా, రెండు మూడు నిమిషాలే. కదిలి వెళ్లబోతే వెంటనే వదిలెయ్యాలి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కప్పల ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములుండవచ్చు.

పిల్లలూ, ఒక మాట. కప్పకి మన చెయ్యి ఇష్టం అనుకోకండి. అది మనల్ని ఓర్చుకుంటుందంతే. ఆ ఓర్పుని మనం అతిగా వాడుకోకూడదు.

అమ్మ మాత్రం ఎప్పుడూ చెయ్యి చాపలేదు. ఎందుకని అడిగితే చిన్ననాటి కప్పతల్లి ఆట చెప్పింది. వానలు రాని ఏడు పిల్లలంతా కప్పని రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిరిగేవారట. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసేవారట. "వాన కోసమని కట్టినం. దానికేం తెలుసు? సాయంత్రానికి సోలిపోయేది."

"ఇక్కడైతే వాన ఆపమని కట్టాలి నానమ్మా" అంది మా అమ్మాయి. అమ్మ నవ్వలేదు.

తిరుగు ప్రయాణం ముందు రాత్రి, సూట్‌కేసులు సర్దాక, అమ్మ తనంతట తానే చేతులు తడుపుకుని తొట్టె ముందు కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత బుడుగు ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి ఆ ముడతల అరచేతిలో కూర్చుంది.

"అప్పుడు మేం కట్టినం," అంది అమ్మ మెల్లగా. "ఇప్పుడు అదే వచ్చి కూసున్నది."