నత్తలకు పోసిన బీరు

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా ఆయనను నేను నోరు తెరిచి బీరు తెమ్మని అడిగింది ఒక్కసారే. అదీ నత్తల కోసం.

2023 జులై మీకు గుర్తుండే ఉంటుంది. టమాట కిలో నూట యాభై దాటిపోయిన నెల. లక్ష్మీపురం మార్కెట్లో టమాటలను ఆపిల్ పండ్ల లెక్క ఒక్కొక్కటి పేర్చి పెట్టారు. మా వీధిలోకి వచ్చే బండి ఆయన కిలో ధర చెప్పడం మానేసి పావుకిలో ధరే చెప్పేవాడు, వినేవాళ్లు భయపడి లోపలికి పోకుండా. ఎక్కడ చూసినా పప్పుచారే, చింతపండే.

హనుమకొండలో మా వీధి ఆడవాళ్లకు మిద్దెతోట పిచ్చి అంతకు ముందే ఉంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు దగ్గర నారపల్లిలో మిద్దె మీద పెంచిన తోట గురించి చదివి నేనూ పాత బకెట్లలో పాలకూర, మెంతి వేసుకునేదాన్ని. ఆ జూన్ చివర్లో మాత్రం అందరం టమాట నారు మీద పడ్డాం. ఎదురింటి గుంటూరు వదిన అర్క రక్షక్ విత్తనాలు తెప్పించింది. బెంగళూరు ఐఐహెచ్ఆర్ వాళ్లు తయారుచేసిన హైబ్రిడ్ అది, ఆకుముడత వైరస్‌తో కలిపి మూడు తెగుళ్లను తట్టుకుంటుంది. మూలింట్లో ఉండే బ్యాంకు అక్క (రిటైరైనా మాకు బ్యాంకు అక్కే) కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు ఇచ్చింది. నా వంతు కాగితం గ్లాసులు. వాటి అడుగున చిల్లులు పెట్టి, గింజ మీద వేలి గోరు మందం మట్టి కప్పి, మిద్దె మీద రేకుల షెడ్డు అంచున వరుసగా పెట్టాం.

వదిన టమోటా అంటుంది. వాళ్ల నాయనమ్మ రామ్ములక్కాయ అనేదట. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, ఆ మాట వినగానే చెవి అటు పడింది. ములక అంటే ముళ్లుండే అడవి మొక్క, వంకాయకూ టమాటకూ దగ్గరి చుట్టమే. సముద్రం దాటి వచ్చిన కాయను మనవాళ్లు చూసి, ఇది మన ములకే కాకపోతే తినేది అనుకొని రాముడి పేరు తగిలించి ఉంటారని నా ఊహ.

మా అత్తమ్మ ఈ మాటలన్నీ కుర్చీలో కూర్చొని వినేది. మాట్లాడేది కాదు. మామ పోయి అప్పటికి ఏడు నెలలు. వర్ధన్నపేట దిక్కు ఊర్లో ఇంటికి తాళం వేసి ఆమెను మా దగ్గరికి తెచ్చుకున్నాం. పెట్టింది తినేది, చెప్పింది వినేది. ఎప్పుడైనా 'ఊర్ల ఇల్లు కురుస్తున్నదేమో' అనేది, అంతే. మేం గింజలు వేసిన రోజు మాత్రం లోపలికి పోయి తన సంచిలోంచి చిన్న మూట తెచ్చింది. విప్పితే బూడిద. బూడిదలో నాటు టమాట గింజలు. 'ఇవి గూడ ఏయున్రి' అని మళ్లీ కుర్చీలో కూర్చుంది.

ఆరో రోజుకు మొలకలొచ్చాయి. వానలూ వచ్చాయి. వానతో పాటు నత్తలు. గుల్ల ఉన్నవి కొన్ని, గుల్ల లేకుండా నల్లగా జారుడుగా ఉండేవి కొన్ని. పగలు కుండీల అడుగున దాక్కుంటాయి, రాత్రి పైకెక్కి లేత కాడను మొదలంటా కొరుకుతాయి. పొద్దున వచ్చి చూస్తే గ్లాసులో మట్టే ఉండేది, వెండి గీత లాంటి ఒక జాడతో. ఉప్పు చల్లితే నత్త చస్తుంది కానీ మట్టి కూడా చెడిపోతుంది. గుడ్డు పెంకులు పొడిచేసి చల్లాం, లెక్క చేయలేదు. రాత్రి టార్చి పట్టుకొని ఏరడం రెండు రోజులు చేశాం.

అప్పుడు బ్యాంకు అక్క చెప్పింది, లోతు తక్కువ గిన్నెలో బీరు పోసి మట్టిలో పాతితే ఆ పులిసిన వాసనకు నత్తలు వచ్చి పడతాయని. గిన్నె అంచు మట్టి కన్నా కొంచెం పైకి ఉండాలి, లేకపోతే తోటకు మేలు చేసే పురుగులు కూడా పడతాయి. వాన నీళ్లు కలవకుండా పైన మూత లాంటిది ఆనించాలి. అంతా బాగానే ఉంది, బీరు తెచ్చేదెవరు? మాలో ఒక్కరికీ వైన్ షాపు ముందు నిలబడే ధైర్యం లేదు. బ్యాంకులో ముప్పై ఏళ్లు కోట్ల లెక్కలు చూసిన అక్కకూ లేదు.

శనివారం సాయంత్రం మా ఆయన రెండు సీసాలు పేపర్లో చుట్టి తెచ్చాడు. 'ఒకటి నత్తలకు, ఒకటి నాకు. టమాట కిలో, బీరు సీసా అటూఇటూగ ఒకటే ధర, ఏది నష్టమో నువ్వే చూసుకో' అని నవ్వాడు. నేను నాలుగు కొబ్బరి చిప్పలు పాతి, రెండేసి వేళ్ల లోతు పోస్తున్నాను. వదిన, అక్క చుట్టూ నిలబడి ఒకటే నవ్వు.

'ఏందే అది?' అన్నది అత్తమ్మ.

'బీరు అత్తమ్మా. వాసనకు నత్తలొచ్చి పడి సస్తయట.'

కాసేపు చూసింది. 'నత్తలకు పోస్తరా' అన్నది, ఎవరినీ అడగనట్టు.

అక్క ఊరికే తమాషాకు, 'పెద్దమ్మా, నీకూ ఒక చిప్ప పోయమందామా?' అన్నది.

'నా కోడలు వద్దన్నది' అన్నది అత్తమ్మ. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బీపీ గోలీ వేసుకున్నా అన్నంత మామూలుగా అన్నది. 'ఎప్పుడో. పెండ్లయిన కొత్తల.'

వాళ్లిద్దరూ ఇంకా గట్టిగా నవ్వారు. నాకు చేతిలో సీసా బరువైపోయింది.

ఎందుకంటే ఆ మాట నిజం. 2001లో, కొత్త కాపురం పెట్టిన నెలలో అత్తమ్మ ఊరినుంచి వచ్చింది. బియ్యం, పప్పు, కారంతో పాటు స్టీలు క్యానులో కల్లు తెచ్చుకుంది. పొద్దుగూకాక ఇంటి వెనక గడప మీద కూర్చొని, రెండు గ్లాసులు పెట్టి, ఒకటి నాకు జరిపింది. 'అలవాటు లేదా? మంచిగుంటది, తాగు' అన్నది. మా నాన్న బడిపంతులు. మా ఇంట్లో కల్లు అనే మాటే అనేవాళ్లం కాదు. ఆ రాత్రి మా ఆయనతో, 'మీ అమ్మ ఇట్ల తాగుతదని మా వాళ్లకు తెలిస్తే నా మర్యాద ఏం గావాలె? ఈ ఇంట్ల మాత్రం వద్దని చెప్పు' అన్నాను. ఆయన ఏం చెప్పాడో, ఎట్లా చెప్పాడో నేను అడగలేదు. ఆమె మళ్లీ ఎప్పుడూ తేలేదు. నాతో ఒక్క మాటా అనలేదు. నేను మర్చిపోయాను.

అదే ఇంట్లో, అదే మిద్దె మీద మా ఆయన స్నేహితులతో బీరు తాగుతుంటే పల్లీలు వేయించి, ఉల్లిగడ్డ తరిగి, నిమ్మకాయ పిండి పైకి పంపింది నేనే. ఇరవై ఏళ్లు. పోచమ్మకు బోనం తీసుకపోయినప్పుడు కల్లు సాక పోస్తే కళ్లకద్దుకున్నదీ నేనే. ఈ రెంటినీ ఆ కొత్త కాపురం నాటి రాత్రి పక్కన పెట్టి ఏనాడూ చూడలేదు.

కిందికి పోయి స్టీలు గ్లాసు తెచ్చాను. సీసాలో మిగిలింది పోసి ఆమె చేతికిచ్చాను. మా ఆయన మెట్ల దగ్గర తన గ్లాసు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. అత్తమ్మ కొడుకును చూడలేదు, నన్ను చూసింది. ఒక గుటక వేసి మొహమంతా ముడుచుకుంది.

'థూ, శేదు. కల్లు నయం.'

'మంచి బీరే అవ్వా, సల్లగ లేదు గంతే' అన్నాడు మా ఆయన, కంపెనీ తనదే అయినట్టు.

వదిన ఆ గ్లాసులోంచే ఒక చుక్క రుచి చూసింది. నేనూ చూశాను. నాకు నచ్చలేదు, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం అత్తమ్మ గంట సేపు మాట్లాడింది. నాట్లేసి వచ్చినంక ఆడోళ్లంతా చెట్టు కింద కూర్చొని తాగేదట, నడుం నొప్పి మరిచేదట. మామ ఏనాడూ తాను ముందు తాగలేదట, ముంత ఆమెకు ఇచ్చి 'పుల్లగున్నదా సూడు' అనేవాడట. నారు గురించి కూడా చెప్పింది: నీళ్లు రోజూ పోయొద్దు, కాడ మొదట్లో కుళ్లుతది; నాటేటప్పుడు కింది ఆకులు తుంచి కాడను లోతుగా పెట్టున్రి, మట్టి తగిలిన కాడే ఏరు పెడతది. వదిన ఫోనులో రాసుకుంది.

పొద్దున చూస్తే చిప్పల్లో పదకొండు నత్తలు.

ఆ గురువారం, జులై 27, ఆ వాన సంగతి ఓరుగల్లు వాళ్లకు చెప్పక్కర్లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు పడింది. మోరంచపల్లి మునిగింది. ఇక్కడ నయీంనగర్, హంటర్ రోడ్డు నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు. రేకుల మీద వాన చప్పుడుకు పక్కన మనిషి మాట వినబడటం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, నేను వద్దంటున్నా కొంగు తలమీద కప్పుకొని మెట్ల మీద టార్చి పట్టింది. గ్లాసులన్నీ పళ్లేల్లో పెట్టి కిందికి దించాను. అయినా సగం కుళ్లిపోయాయి. చివరికి కుండీల్లో నాటినవి పద్నాలుగు. తొమ్మిది ఆమె మూటలోవి.

కాయలు పండేసరికి సెప్టెంబరు దాటింది. అప్పటికి టమాట ధర ఎట్లా పడిపోయిందో మీకు తెలుసు, రైతులు రోడ్ల మీద పారబోశారు. మా ఆయన నా కుండీల ఖర్చు లెక్క కట్టి ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. చేయనీ. నాటు కాయలు చిన్నవి, తోలు పలుచన, పప్పులో వేస్తే పులుపు నాలుక పక్కల పట్టుకునేది.

డాక్టరును అడిగే, అప్పుడప్పుడు ఆదివారం మా ఆయన ఊరి దాకా పోయి చెట్టు కిందనే పోయించుకొని కల్లు తెస్తున్నాడు. దుకాణాల్లో మందు కలిపేది వద్దు. నేను ఇప్పటికీ తాగను. పల్లీలు మాత్రం ఆమెకూ వేయిస్తాను.

అక్టోబరు 14 పెత్రమాస. మామ పటం ముందు ఆకు వేసి అన్నం, మా టమాటలతో పప్పు, గారెలు పెట్టాం. అత్తమ్మ గూట్లోంచి రెండు గ్లాసులు తీసి, తుడిచి, రెండింట్లోనూ కల్లు పోసింది.

'రెండెందుకు అవ్వా?' అన్నాడు మా ఆయన.

'ఒకటి నాది. మీ బాపు ఒక్కడే ఎన్నడన్న తాగిండా?'