బల్ల నడిమి పళ్ళెం

ఆ హోటల్లో ఎవరి ఆకు వాళ్ళకి వెయ్యరు. నలుగురికీ ఒకటే పళ్ళెం, అదీ అరచెయ్యంత, బల్ల నడిమధ్య పెట్టి పోతారు. అందరూ దాంట్లోంచే తినాలి. నాకు గుండెదడ పట్టుకుంది. ఆ తిండి తినడం రాక కాదు. నేను చెయ్యి పెట్టిన పళ్ళెంలో ఎదుటివాడు పెడతాడా అని.

అది బెంగళూరు, ఇందిరానగర్. తమ్ముడికి ఆ ఊళ్ళో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. ఎండాకాలం సెలవులకి పోతే, వాడి ఆఫీసు స్నేహితులిద్దరితో పాటు నన్నూ తీసుకుపోయినాడు. స్పెయిన్ వంటలూ, దక్షిణ అమెరికా వంటలూ చేసే హోటలు. ఈ చిన్న పళ్ళేల తిండిని తపాస్ అంటారు. స్పానిష్ భాషలో తపా అంటే మూత. ద్రాక్షసారా గ్లాసులో ఈగలు పడకుండా చిన్న పళ్ళెం మూతేసి, దానిమీద రెండు ముక్కలు పెట్టి ఇచ్చేవాళ్ళని ఒక కథ.

మూత అనేసరికి నాకు ఇంతకుముందు పనిచేసిన ఒక బడి గుర్తొచ్చింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూం బల్లమీద అందరి క్యారియర్లూ తెరిచేవాళ్ళం. వాళ్ళ పప్పు అటు పోయేది, వీళ్ళ వేపుడు ఇటొచ్చేది. నా గిన్నె దగ్గరికి మాత్రం ఏ చెయ్యీ వచ్చేది కాదు. ఎవరూ ఏమీ అనరు. "నాకు కారం పడదు సార్" అంటారు, అంతే. మా నాయనకి ఆ మర్యాద కూడా లేదు. ఆయన కూలికి పోయిన ఊళ్ళో టీ అంగడి చూరులో మావాళ్ళ గ్లాసులు వేరేగా దోపి ఉండేవి. తీసుకోని, కడుక్కోని, కింద పెడితే పైనుంచి పోసేవాడు. నాయన చెయ్యి పట్టుకోని చూసినా. అంటరానితనం 1950 జనవరి 26 నుంచే రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దయిందని మా పిల్లకాయలకి పాఠం చెప్తా. ఆ గ్లాసులు నేను చూసింది 1990ల చివర్లో.

మొదటి పళ్ళెంలో వేయించిన ఉర్లగడ్డ ముక్కలు, మీద టమాటా కారం. ఉర్లగడ్డా, టమాటా, మిరక్కాయా మూడూ అమెరికా ఖండాల్లో పుట్టినవే. స్పెయిన్ వాళ్ళు ఆ దేశాల్ని ఆక్రమించుకున్నాక సముద్రం దాటినయ్యి. మిరక్కాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చింది. అంతకుముందు మనకి కారమంటే మిరియాలే. చేపల పులుసు మాదని నెల్లూరోళ్ళం గొప్పలు చెప్పుకుంటామే, అందులో మిరక్కాయది ఏ ఊరు, ఏ వాడ అని ఎవరన్నా అడిగినారా? మనిషినైతే అడుగుతారు.

ఎంపనాడ అని ఇంకోటి తెచ్చినారు. చూస్తే మన కజ్జికాయే, లోపల కొబ్బరికి బదులు కోడి కైమా. సెవిచే అనేది పెరూ దేశపు వంట. పచ్చి చేపముక్కల్ని నిమ్మరసంలో నానేసి ఇస్తారు, పొయ్యెక్కించరు. మైపాడు చేపని అట్టా పెడితే మా అమ్మ గిన్నెతో సహా విసిరికొడుతుంది.

ఆఖర్న రొయ్యలు. మట్టిమూకుట్లో సలసలా కాగే ఆలివ్ నూనె, తెల్లగడ్డ, ఎండు మిరక్కాయ, ఆరు రొయ్యలు. చూడంగానే పోల్చుకున్నా. వెనామీ. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే పసిఫిక్ తీరం. మా తట్టు ముందు టైగర్ రొయ్య ఉండేది. 1994-95లో తెల్లమచ్చ రోగం తగిలి గుంటలకి గుంటలే పోయినయ్యి. 2009లో వెనామీ పెంపకానికి ప్రభుత్వం అనుమతిచ్చినాక మళ్ళీ నిండినయ్యి. గుంటలు రైతులవి. మా అమ్మకి దక్కింది షెడ్డులో రొయ్య తలకాయలు గిల్లే పని. పొద్దస్తమానం ఐసునీళ్ళలో చేతులు పెట్టి వేళ్ళు తిమ్మిరెక్కేవి, గోళ్ళ సందుల్లో పుండ్లు పడేవి. ఆ డబ్బులతోనే నేను బి.ఇడి. చదివినా. ఈ ఆరు రొయ్యల ధర ఆమె రోజుకూలిని మించి ఉండాది.

రొట్టెముక్క ఆ నూనెలో అద్దుకున్నా. నేనద్దిన చోటే ఎదురుగా కూచున్న పిల్లోడు కూడా అద్దుకోని నోట్లో పెట్టుకున్నాడు. ఏమీ కానట్టే. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగినయ్యి, కారమని తుడుచుకున్నా.

"మాదీ నెల్లూరే సార్. మీది ఏవూరు?" అన్నాడు.

"ఇందుకూరుపేట."

"పేటలో ఎక్కడ సార్? ఊళ్ళోనేనా?"

తమ్ముడు తలొంచుకోని నీళ్ళు తాగతా ఉండాడు. మూడేళ్ళుగా వాడు ఆ ఆఫీసులో ఏం చెప్పుకోని నెట్టుకొస్తా ఉండాడో అప్పుడర్థమైంది.

"బడి దగ్గర" అన్నా. అబద్ధం కాదు, మా వాడ బడి వెనకే. నిజమూ కాదు.

"తీసుకోండి సార్" అని, మిగిలిన రెండు రొయ్యలున్న మూకుడు నా వైపు జరిపినాడు. తిన్నా. రుచి తెలీలా.

ఇంటికొచ్చినాక అమ్మకి అన్నీ చెప్పినా. రొయ్యకి తోక ఉంచినారా, తీసేసినారా అని అడిగింది. ఉంచినారన్నా.

"నలుగురూ ఒక్క పళ్ళెంలోనే తిన్నారా?"

"ఊ."

"ఆ పిల్లోడికి మనమెవురో తెలుసా అబ్బయ్యా?"

నేను మాట్లాడలా. అమ్మ కాసేపు చూసి, లేచిపోయి పొయ్యిమీద కూర దించింది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యి" అనింది.