వెదుకులాట పెట్టె దాచని రహస్యం

"డాక్టరుగారూ, ఈ సంగతి మా ఇంట్లో చెప్పకండి." నాలుగు దశాబ్దాల వైద్యవృత్తిలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కూతురి మూర్ఛవ్యాధి పెళ్ళివారికి తెలియకూడదనుకున్న తల్లులు, క్షయ సోకిందని యజమానికి తెలిస్తే పని పోతుందని భయపడిన కూలీలు నా ఎదుట కూర్చున్నారు. రోగి చెప్పినది బయటపెట్టరాదన్నది హిప్పోక్రటీస్ పేరిట నిలిచిన ప్రమాణంలోనే ఉంది. ఆ నియమాన్ని నేను శ్రద్ధగా పాటించాను. కానీ నా రహస్యాన్నే కాపాడుకోలేకపోయాను.

పోయిన చలికాలంలో టీ కప్పు పట్టుకున్నప్పుడు నా కుడిచేయి సన్నగా వణకడం గమనించాను. పార్కిన్సన్స్ వ్యాధేమోనని భయం పట్టుకుంది. పని చేస్తున్నప్పుడు వచ్చే వణుకు వేరు, చేయి ఊరకే ఉన్నప్పుడు వచ్చే వణుకు వేరు అని యువవైద్యులకు బోధించినవాణ్ణే. నా చేతి దాకా వచ్చేసరికి ఆ పాఠం అక్కరకు రాలేదు. నిర్ధారణ అయ్యాకే భార్యకు చెబుదామనుకున్నాను. ఒక రాత్రి ఆమె నిద్రించాక, ఇద్దరమూ వాడుకునే ట్యాబ్‌లో ఆ వ్యాధి గురించి వెదికి, అయిదారు పుటలు చదివాను.

మర్నాడు ఉసిరికాయ పచ్చడి కొలతల కోసం ఆమె అదే ట్యాబ్ తెరిచింది. వంటకం పక్కనే పార్కిన్సన్స్ చికిత్స ప్రకటన, దాని కింద చేతులు వణికేవారి కోసం చేసిన చెంచా ప్రకటన. ఆమె కాసేపు వాటిని చూసి, తరువాత నా వైపు చూసింది. "ఏమండీ, మీ చేతికి ఏమైంది?" అని అడిగింది. ఆ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలో నిర్ణయించుకునే హక్కు నాది. దాన్ని ఎవరో ముఖం తెలియని వ్యాపారి వాడేసుకున్నాడు.

ఇది ఎలా జరుగుతుందో తరువాత తెలుసుకున్నాను. మనం వెదికిన మాట, వెదికిన సమయం, మన ఐపీ చిరునామా సెర్చ్ ఇంజిన్‌కు చేరతాయి. ఖాతాలోకి లాగిన్ అయి ఉంటే ఇవన్నీ మన పేరుతో ముడిపడతాయి. ఆపై మనం తెరిచే ఎన్నో పుటలలో ప్రకటనల సంస్థల కుకీలు ఉంటాయి. ఒకచోట మనం చదివినదాన్ని గుర్తుంచుకుని, మరొకచోట దానికి తగిన ప్రకటన చూపడానికి అవి తోడ్పడతాయి. ఇన్‌కాగ్నిటో విండో మన పరికరంలో చరిత్రను మిగల్చదు, అంతే. మనం చూసే వెబ్‌సైట్ల నుండి, ఇంటర్నెట్ అందించే సంస్థ నుండి అది మనల్ని దాచదు.

పేరు తీసివేస్తే చాలదా అంటే, చాలదు. 2006 ఆగస్టులో అమెరికాకు చెందిన ఏఓఎల్ సంస్థ, పరిశోధకుల కోసమని, దాదాపు 6,50,000 మంది మూడు నెలల్లో వెదికిన రెండు కోట్ల ప్రశ్నలను బయటపెట్టింది. పేర్లకు బదులు సంఖ్యలు ఇచ్చింది. అయినా న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజులలోనే ఒక సంఖ్య వెనుక ఉన్న పెద్దావిడ ఇంటి తలుపు తట్టారు. ఆమె వెదికిన ఊరిపేరు, ఇంటిపేర్లే వారికి దారి చూపాయి. ఆ జాబితాలో రోగాలు అనేకం ఉన్నాయి. అయితే వాటిలో చాలావరకు ఆమె తన స్నేహితుల కోసం వెదికినవి! ఆ జాబితాను మాత్రమే చూసినవారు ఆమెను ఎంత రోగిష్టిగా భావించి ఉంటారో ఊహించండి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమూ వచ్చింది. అయినా మన జాగ్రత్త మనకు ఉండాలి. జబ్బుల గురించి వెదికేముందు ఖాతా నుండి లాగౌట్ కండి. బ్రౌజర్ సెట్టింగులలో థర్డ్ పార్టీ కుకీలను ఆపివేయండి. గూగుల్ ఖాతా ఉన్నవారు అందులోని వెదుకులాట చరిత్రను చెరిపివేయవచ్చు. 3, 18 లేదా 36 నెలలు దాటినది దానంతటదే చెరిగిపోయేలా అమర్చుకోవచ్చు. వినియోగదారుల వెదుకులాట చరిత్రను దాచబోమని చెప్పే డక్‌డక్‌గో వంటివీ ఉన్నాయి. రోగం పేరుతోపాటు మీ పేరు, ఊరు, ఆసుపత్రి నంబరు ఎన్నడూ టైపు చేయకండి. కుటుంబమంతా వాడే ఫోనులో మరింత జాగ్రత్త అవసరం.

అలాగని వెదకడమే మానుకోమని నేను చెప్పను. జబ్బు గురించి తెలుసుకోవడం మంచిదే. అయితే వెదకడంతో ఆగిపోవద్దు. ఆ రోజు నా భార్యే పట్టుబట్టి నన్ను న్యూరాలజిస్టు వద్దకు తీసుకువెళ్ళింది. ఆయన నా చేత వంకర గీతలు గీయించి, నాలుగడుగులు నడిపించి, ఇది పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ అని తేల్చారు. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. మా నాన్నగారి చేయీ ఇలాగే వణికేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. వైద్యుడి గదిలో అరగంటలో తీరిన భయాన్ని నేను మూడు వారాలు మోశాను.

ఆ ప్రకటనలు మాత్రం తరువాత కూడా చాలా రోజులు కనిపించాయి. నాకు ఆ వ్యాధి లేదని వాటికి చెప్పేవారెవరు?