నిలబెట్టి చూడాల్సిన జబ్బు

హోసూరు చలితో మా వృత్తిలో ఒక చిక్కుంది. చలికి వృషణాల తిత్తి ముడుచుకుపోయి, లోపలి నరాలు, అంటే సిరలు, చేతికి అందవు. అందుకే పిల్లలు లేరని వచ్చిన మగవాణ్ని పరీక్షించే ముందు ఫ్యాను ఆపి, గది కాస్త వెచ్చబడనిస్తాను. ఆపైన నిలబెట్టి చూస్తాను. పడుకోబెడితే ఉబ్బిన నరాలు ఖాళీ అయి, ఉన్న జబ్బు కాస్తా దాక్కుంటుంది.

సిప్కాట్ పారిశ్రామికవాడలో పనిచేసే ఒకతను భార్యతో వచ్చాడు. సంచినిండా రిపోర్టులు ఆమెవే, చంద్రచూడేశ్వరుడి కొండకు మొక్కిన మొక్కులూ ఆమెవే. "నాకేం సార్, నేను బాగానే ఉండాను" అన్నాడు. వీర్యపరీక్షలో మిల్లీలీటరుకు 80 లక్షల కణాలే తేలాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కింది హద్దు కోటీ 60 లక్షలు. నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నాను. ఎడమవైపు, అప్పటిదాకా ఏమీ తగలని చోట, నా వేళ్ల మధ్య నరాలు ఉబ్బాయి. వేరికోసిల్.

ఇది ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. ఆ వైపు వృషణపు సిర నిలువుగా పైకి పోయి మూత్రపిండపు సిరలో కలుస్తుంది. కవాటాలు బలహీనపడితే రక్తం వెనక్కి జారి నిలుస్తుంది. వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు బాగా తయారవుతాయి. నిలిచిన రక్తం ఆ చల్లదనాన్ని పోగొడుతుంది. మగవాళ్లలో నూటికి 15 మందికి వేరికోసిల్ ఉంటుంది, వాళ్లలో చాలామందికి పిల్లలూ పుడతారు. సంతానం లేక వచ్చేవాళ్లలో మాత్రం అది నూటికి 35 నుంచి 40.

అతనికి మైక్రోస్కోపు కింద ఆపరేషన్ జరిగింది. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలు ఆగి పరీక్షిస్తే సంఖ్య రెట్టింపైంది. అందరికీ ఇలా అవుతుందని చెప్పలేను.

కృష్ణగిరి వైపు మామిడితోట రైతు కథ వేరు. డాప్లర్ స్కాన్ కాగితం చేతికిచ్చి, "చిన్నదే ఉందంట, కోసేయండి సార్" అన్నాడు. ఎంత ముక్కించినా చేతికి తగల్లేదు. వీర్యం నిక్షేపంగా ఉంది. స్కాన్‌లో మాత్రమే కనబడేదానికి కత్తి పట్టవద్దని అమెరికా, యూరప్ యూరాలజీ సంఘాలు రెండూ చెబుతున్నాయి. అతని భార్యకు పరీక్షలు చేయిస్తే, గర్భనాళాలు మూసుకుపోయి ఉన్నాయి. ఆపరేషన్ చేసి ఉంటే వాళ్లకు ఒక ఏడాది వృథా.

వేరికోసిల్‌ను ఓపిగ్గా వెతకాలి, దొరికిందల్లా కోయకూడదు. ఉబ్బు ఉన్నట్టుండి వచ్చినా, పడుకున్నా తగ్గకపోయినా మూత్రపిండంలో గడ్డ ఉందేమో కడుపు స్కాన్ చేయించాలి. దంపతులకు నా మనవి ఒక్కటే: మొదటి రోజే ఇద్దరూ కలిసి రండి. మగవాడి పరీక్షకు అయ్యే ఖర్చూ, పట్టే సమయమూ తక్కువే.