షేర్లు కాదు, తాళంచెవులు కావాలి

పిల్లి కనబడకపోతే ముందు ఫొటో పెట్టి షేర్ చేయమంటాం. 2018లో ‘యానిమల్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 1,210 తప్పిపోయిన పిల్లుల సంగతి యజమానులను అడిగి చూసింది. దొరికినవాటిలో ముప్పావు వంతు 500 మీటర్లలోపే ఉన్నాయి. అంటే వెతకాల్సింది పక్కవాళ్ళ మెట్ల కింద, సెల్లార్లో కవరు కప్పిన కారు కింద, తాళం వేసిన మోటారు గదిలో. బెదిరిన పిల్లి పెంచినవాళ్ళు పిలిచినా పలక్కపోవచ్చు; టార్చి వేస్తే మాత్రం కళ్ళు మెరుస్తాయి.

“ఆకలేస్తే అదే వస్తుందిలే” అంటారు. కొన్ని వస్తాయి, నిజమే. గదిలో ఇరుక్కున్నది ఎలా వస్తుంది? అదే అధ్యయనంలో వారంలోపు ప్రాణాలతో దొరికినవి మూడో వంతే, 90 రోజులు దాటాక దొరకడం అరుదు. ఒక్క పిల్లికి ఇంత హడావుడా అనేవాళ్ళను అడిగేది అయిదు నిమిషాలే (వాట్సాప్‌లో గుడ్‌మార్నింగులకు పట్టేపాటి). అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫొటో పెట్టండి, కింద “కనిపిస్తే చెప్పండి” అని కాకుండా “మీ స్టోర్‌రూమ్ ఒకసారి తీసి చూడండి” అని రాయండి.