రంగు సంగతి తర్వాత... ముందు అడుగు చూడు!

తెలుగు సినిమాలో లాంచీకున్న గ్లామర్ ఇంతా అంతా కాదు. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారి 'మూగమనసులు'లో పడవ నడిపిన అక్కినేనిని ఎవరు మరచిపోగలరు? 1973లో బాపుగారు 'అందాల రాముడు' కోసం ఏకంగా కథనే తీసుకెళ్ళి గోదావరి మీద లాంచీ ఎక్కించేశారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' కూడా అదే నీళ్ళ మీద భద్రాచలం దారి పట్టింది. హీరోయిన్ రైలింగు పట్టుకుని నిలబడుతుంది, గాలికి కురులు ఎగురుతాయి, పాపికొండలు మెల్లగా వెనక్కి జరుగుతాయి... ఇక మన ప్రాణం హాల్లో ఉంటుందా!

కానీ ఒక్కమాట అడుగుతాను, చెప్పండి. ఆ లాంచీ అడుగుభాగం ఎలా ఉందో ఏ కెమెరా అయినా మనకు చూపించిందా?

నాకీ సందేహం కలిగించినవాడు ఏ డైరెక్టరూ కాదు. సత్యవేడులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మా పెద్దనాయన.

సత్యవేడు అంటే ఎవరికీ పడవలు గుర్తుకురావు. చెరువులు, మామిడి తోటలు, పక్కనే తమిళనాడు సరిహద్దు, ఇటీవల అయితే శ్రీసిటీ ఫ్యాక్టరీలు. కానీ తూర్పుగా తడ దాటి భీములవారిపాళెం చేరితే చాలు, ఎదురుగా పులికాట్ సరస్సు! ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. ఆ నీళ్ళ మధ్యలో ఇరకం దీవి. మా పెద్దనాయన కూతుర్ని, అంటే మా అక్కని, ఆ దీవిలో ఇచ్చారు. అప్పట్లో సత్యవేడు చిత్తూరు జిల్లా, తడ నెల్లూరు జిల్లా. 2022లో రెండూ కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చాయనుకోండి, అది వేరే విషయం. అక్క పుట్టింటికి రావాలంటే మాత్రం ముందు జిల్లా కాదు, నీళ్ళు దాటాలి.

2012 సంక్రాంతి సెలవులు. నేను డిగ్రీ చదువుతున్నాను. అక్కకి ఏడో నెల. మా బావ అప్పుడే ఒక పాత ఇంజను పడవ కొన్నాడు. 24 అడుగుల ఫైబర్ పడవ. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత మన తీరమంతా ఇలాంటి ఫైబర్ పడవలు వచ్చిపడ్డాయి గదా, వాటిలో ఒకటి ఇద్దరు ముగ్గురి చేతులు మారి బావ చేతికొచ్చింది. తోడుగా ఒక సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను, దానికి పొడవాటి షాఫ్టు, కొసన ప్రొపెల్లర్. పులికాట్‌లో చాలాచోట్ల మొలలోతు నీళ్ళే. బురద తగిలేచోట షాఫ్టును పైకెత్తి, లోతున్నచోట దించుకోవాలి. అందుకే అంత పొడవు.

పడవ కొన్నారన్న మాట వినగానే పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఆమె తప్పేమీ లేదు. అంతకు మూడు వారాల ముందే, 2011 డిసెంబర్ 25న, ఇదే పులికాట్‌లో తమిళనాడు వైపు ఒక పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. పండగపూట సరదాగా నీళ్ళమీదికి వెళ్ళినవాళ్ళు! ఆ వార్త ఇంకా అందరి నోళ్ళలోనూ నానుతోంది.

పెద్దనాయన ఏమీ మాట్లాడలేదు. స్పానర్ల పెట్టె తీసి నా చేతికిచ్చి, "పదరా, పోయి చూసొద్దాం" అన్నాడు. ఆయన జన్మలో పడవెక్కి ఎరగడు!

ఒడ్డున చూస్తే పడవ బాగానే ఉంది. అక్కడక్కడ నీలంరంగు వెలిసిపోయింది, అంతే. బావ తమ్ముళ్ళు ఇద్దరూ అప్పటికే రంగు డబ్బాల లెక్క వేసేస్తున్నారు. ఒకడికి ముందు భాగంలో పవన్ కల్యాణ్ బొమ్మ కావాలి. రెండోవాడు ప్రభాస్ దగ్గర ఒక్క అంగుళం కూడా తగ్గనంటున్నాడు. నేను మధ్యవర్తిని!

"బొమ్మల సంగతి తర్వాత చూస్తాం. ముందు దీన్ని బోర్లా వెయ్యండి" అన్నాడు పెద్దనాయన.

పదిమందిమి పట్టి సరుగుడు దుంగల మీద బోర్లించాం. అడుగునంతా గుల్లలు పట్టి ఉన్నాయి. గోకడానికే ఒక పూట పట్టింది. మంచినీళ్ళతో కడిగి, నాలుగు రోజులు ఎండనిచ్చాం. అప్పుడు పెద్దనాయన చిన్న సుత్తి పట్టుకుని, చెవి దగ్గరగా పెట్టి, అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట 'టక్ టక్' అంటుంది. లోపల పొరలు విడిపోయి నీళ్ళు దిగినచోట 'డబ్ డబ్' అంటుంది. డబ్ అన్నచోటల్లా నేను సుద్దముక్కతో సున్నా చుట్టాలి. సాయంత్రానికి సున్నాలు పదకొండు!

ఆ పదకొండూ గ్రైండింగ్ మిషన్‌తో కోసి, గట్టి ఫైబర్ తగిలేదాకా తీశాం. ఆ పొడి ఒంటికి అంటితే దురదగొండి ఆకు ఎంత నయమో అనిపిస్తుంది. మూతికి గుడ్డ, చేతులకు గ్లవ్స్. తర్వాత గ్లాసు మ్యాటు ముక్కలు ఒకదానికంటే ఒకటి పెద్దవిగా కత్తిరించి, రెసిన్‌తో తడిపి, గాలి బుడగ మిగలకుండా రోలరుతో అదమాలి. రెసిన్‌లో హార్డెనర్ కలిపిన కాసేపటికే గట్టిపడిపోతుంది. అందుకని ఎండెక్కక ముందే, చిన్న చిన్న కప్పుల్లో కలుపుకుంటూ చెయ్యాలి. తొందరపడితే కుదరదు, ఆలస్యమైతే అసలే కుదరదు.

ఇక షాఫ్టు. కంటికి నిటారుగానే ఉంది. పెద్దనాయన దాన్ని రెండు దిమ్మల మీద పెట్టి, సుద్దముక్కని దగ్గరగా నిలిపి మెల్లగా తిప్పాడు. నిటారుగా ఉంటే సుద్ద చుట్టూతా సమానంగా అంటుకోవాలి. ఒకపక్కే అంటింది. వంకర దొరికిపోయింది!

నాకు వెంటనే 'ది ఆఫ్రికన్ క్వీన్' గుర్తొచ్చింది. 1951లో జాన్ హ్యూస్టన్ తీసిన సినిమా. హంఫ్రీ బొగార్ట్, కాథరిన్ హెప్‌బర్న్ ఒక డొక్కు స్టీమ్ బోటులో నది వెంట పోతారు. బోటు మొరాయిస్తే ఆయన కాలితో తంతాడు. షాఫ్టు వంగి, ప్రొపెల్లర్ రెక్క విరిగితే ఒడ్డుకి చేర్చి, నిప్పు రాజేసి ఇద్దరూ బాగుచేస్తారు. ఆ వేషానికి బొగార్ట్‌కి ఆస్కార్ వచ్చింది. ఇదంతా ఉత్సాహంగా చెబితే పెద్దనాయన విని, "పనిమంతుడే! మళ్ళీ తిప్పి చూసుకున్నాడా, వంకర పోయిందో లేదో?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తమాషా ఏమిటంటే, ఆ సినిమాలో వాడిన అసలు బోటు 1912లో ఇంగ్లండులో కట్టింది. మేము ఇక్కడ కుస్తీపడుతున్న ఆ 2012లోనే అమెరికాలో, ఫ్లోరిడాలో, దాన్ని బాగుచేసి మళ్ళీ నీళ్ళలోకి దించారు. నూరేళ్ళ బోటు!

అన్నిటికంటే పెద్ద గండం చివర్లో బయటపడింది. ఇంజను బిగించే వెనక దిమ్మ. పైన ఫైబర్ పొర నున్నగా మెరుస్తోంది. పెద్దనాయనకి బోల్టు రంధ్రం దగ్గర అనుమానం వచ్చి స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు. అరటిబోదెలో దిగినట్టు పిడిదాకా దిగిపోయింది! ఆ బోల్టు సందుల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి, లోపలి చెక్క మెత్తగా కుళ్ళిపోయింది. నడినీళ్ళలో అది ఊడివస్తే ఇంజను నీళ్ళపాలు. పడవకి వెనక పెద్ద బొక్క.

బావ మొహం పాలిపోయింది. "మావా, బావి ఇంజన్లు చూసుకునే నీకు ఇది ఎట్ల తెలిసింది?" అన్నాడు.

"బావికాడ ఇంజను ఆగిపోతే రైతు నన్ను నాలుగు తిట్టి ఇంటికి పోతాడు. ఈడ ఆగిపోతే నా బిడ్డ యాడికి పోతాది అల్లుడా? అందుకే రెండుసార్లు చూస్తా ఉండా" అన్నాడు పెద్దనాయన.

కుళ్ళిన చెక్కంతా తవ్వి తీసి, కొత్త టేకు దిమ్మ కూర్చి, చుట్టూ ఫైబర్ పొదిగి, బోల్టు రంధ్రాల్లోకి కూడా రెసిన్ పట్టించాం. దాంతో చేతిలో డబ్బు అయిపోయింది. మిగిలిన కాస్తతో పెద్దనాయన నాలుగు లారీ ట్యూబులు కొని, గాలికొట్టి, పడవ పక్కలకి కట్టించాడు. పవన్ కల్యాణూ లేడు, ప్రభాసూ లేడు! తమ్ముళ్ళిద్దరూ రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

ఆపైన పరీక్ష. మనుషుల్ని ఎక్కించలేదు. ఇసుక బస్తాలు ఒక్కొక్కటే వేసుకుంటూ, ఒడ్డు పక్కనే నడిపి, పడవ అంచుకీ నీళ్ళకీ ఎంత ఎడముందో ప్రతిసారీ బెత్తలు పెట్టి కొలిచాడు. చివరికి ఎక్కడో అడిగి తెచ్చిన అరడబ్బా తెల్లరంగుతో పడవ లోపలివైపు పెద్ద అంకె వేశాడు: 8. ఆ పడవకి పడిన రంగు మొత్తం అదే. "నడిపేవాడితో కలిపి ఎనిమిది. తొమ్మిదోవాడు దేవుడైనా సరే, ఒడ్డునే ఉండాల" అన్నాడు.

ఆ మాట ఆయనకే ఎదురవుతుందని ఎవరనుకున్నారు!

మార్చి నెల. నెలలు నిండాయని అక్కని చూడటానికి పెద్దనాయనా, పెద్దమ్మా, నేనూ దీవికి వెళ్ళాం. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా పది రోజులుంది. ఆ రాత్రే నొప్పులు మొదలయ్యాయి. బావ పరుగెత్తి ఇంజను తాడు చుట్టాడు. అత్తగారు, పెద్దమ్మ, ఆడబిడ్డ, ఇరుగుపొరుగు... కంగారులో అందరూ ఎక్కేశారు. ఎవరి ప్రేమ వాళ్ళది. టార్చిలైటు వెలుగులో పెద్దనాయన లెక్కపెట్టాడు. పదకొండు.

ముందు నన్ను దిగమన్నాడు. పక్కింటాయన్ని దిగమన్నాడు. ఇంకా ఒకరు ఎక్కువ. "నువ్వు ఉండు మావా, కన్నతండ్రివి! ఈ ఒక్కసారికీ ఏం కాదులే" అన్నాడు బావ. పెద్దనాయన ఆ తెల్ల అంకె వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, ఏమీ అనకుండా మోకాటిలోతు నీళ్ళలోకి దిగిపోయాడు.

పడవ చీకట్లోకి వెళ్ళిపోయింది. మేమిద్దరం ఒడ్డున నిలబడ్డాం. ఆయన కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడే వింటున్నాడు. చాలాసేపటికి, ఇక అది వినపడీ వినపడనట్టు అయ్యాక, "ఒక్క దెబ్బ కూడా తప్పలేదురా" అన్నాడు. గొంతు వణికింది. భీములవారిపాళెంలో 108 వచ్చి ఉంది. తెల్లారేసరికి సూళ్ళూరుపేట నుంచి బావ ఫోను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన సినిమాలు మనకు ప్రేమించడం నేర్పిన ఆ పాపికొండల దారిలోనే! ఆ రోజు నాకు అరడబ్బా తెల్లరంగే కళ్ళముందు కదిలింది.

లాంచీ ఎక్కొద్దని చెప్పడం లేదు సుమండీ! ఎక్కండి. పాటలు పాడుకోండి, ఫోటోలు దిగండి. రైలింగు దగ్గర హీరోలా నిలబడితే కాదనేదెవరు? కానీ ఎక్కేముందు ఒక్క ప్రశ్న అడగండి. "ఇందులో ఎంతమంది ఎక్కొచ్చు? ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" సరంగు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. లెక్క కుదరకపోతే దిగిపోండి. దిగిపోవడంలో నామోషీ లేదు. మా పెద్దనాయన దిగాడుగా!