రాజమహేంద్రవరపు కలం

పిల్లలూ! కొవ్వూరు నుంచి రాజమహేంద్రవరానికి గోదావరి మీద ఒక వంతెన ఉంది. రైలు క్రింద, బస్సు పైన పోతాయి. దానిని 1974లో తెరిచారు. మరుసటి ఏడు మా నాన్నగారు నన్ను దాని మీదుగా పట్నం తీసికొని వెళ్ళారు. పరీక్షలకు కొన్న పెన్ను గచ్చు మీద పడి పాళీ వంకరపోయింది. చివాట్లు ఇంటి దగ్గరే అయిపోయాయి. ఇక బాగుచేయించడం మిగిలింది.

అదొక చిన్న కొట్టు. పెద్దాయన పాళీ ఊడదీసి, భూతద్దంలో చూచి, సరిచేసి, "నీ పేరు వ్రాయి బాబూ" అన్నాడు. నేను వ్రాస్తుంటే కాగితం చూడలేదు. నా వ్రేళ్ళు చూశాడు. "పెన్ను పడుకోబెట్టి వ్రాస్తావు" అంటూ పాళీని నునుపురాతి మీద మరో రెండుసార్లు రుద్దాడు. ఆ పెన్ను ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఈ ఊరికి కలాల పేరు తెచ్చినవారు కోసూరి వెంకటరత్నం గారు. 1921లో గాంధీగారు ఆయనతో, అందరికీ పనికివచ్చే వస్తువు ఏదైనా మన దేశంలోనే చేయమన్నారట. 1932 నుంచి రత్నం గారు కలాలు చేశారు. ఒకటి గాంధీగారికి పంపారు. ఆయన ఊరకే మెచ్చుకొనే మనిషా? వాడి చూచి, బజారులోని విదేశీ కలాలకు బదులు ఇది బాగానే ఉన్నట్లుందని 1935 జులైలో వార్ధా నుంచి జాబు వ్రాశారు.

ఈ కలాలు ఎబొనైట్‌తో చేస్తారు. రబ్బరులో గంధకం బాగా కలిపి చాలాసేపు కాచితే కొమ్ములాగా గట్టిపడుతుంది. ఆ కడ్డీని లేతు మీద త్రిప్పి, తొలిచి, మరలు కోసి, మెరుగు పెడతారు. పాళీ క్రింది నాలికలో సన్నని గాడి ఉంటుంది. సిరా దాని వెంట తనంతట తానే దిగివస్తుంది.

ఇక నా తప్పు చెబుతాను. హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒక ఏడు బహుమతులకు, చవక కదా అని, వాడి పారవేసే పెన్నులు పెట్టెతో కొన్నాను. పెట్టె మీద ఎక్కడిదో దూరపు ఊరి పేరుంది. నాలుగు నెలలకు అన్నీ చెత్తబుట్టలో చేరాయి. బహుమతి అందుకొన్న ఒక కుర్రవాడి తండ్రి మన ఊళ్ళోనే కలాల లేతు మీద పనిచేసేవాడని తరువాత తెలిసింది. ఆయన కూలి డబ్బు మా వీధి బియ్యం కొట్టుకు, కాఫీ హోటలుకు, దర్జీకి చేరేది. పని చాలక ఆయన ఊరు విడిచాడు. లెక్కలలో మొదటివాడైన ఆ పిల్లవాడు బడి మానాడు. నా ఒక్క పెట్టె వల్లనే అనను. కాని నావంటివాళ్ళు ఊళ్ళో ఎందరో!

ఊరి సరుకు కనుక కళ్ళు మూసికొని కొనమనడం లేదు. పాళీ గీరితే అక్కడికక్కడే చెప్పండి, సరిచేస్తారు. చేసినవాడు ఎదుట ఉంటే అదే సౌకర్యం.

ఈసారి రాజమహేంద్రవరం వెళితే లేతు పని చూపించమని అడగండి. ఒక్క మాట: సిరా సగానికి తగ్గాక మళ్ళీ నింపుకోండి. లేకుంటే చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. ఈ సంగతి తెలిసేలోగా నాకు మూడు చొక్కాలు పాడయ్యాయి.